మన పెద్దలను ఎక్కడ పూడ్చారు?

1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కుంపిణీవాళ్లు ఉరితీశారు. తలను కోటకు వేలాడదీశారు. 1877 దాకా, అంటే ముప్పై ఏళ్లు, అది అక్కడే ఉందని చెబుతారు. ఈ కథ మనందరికీ తెలిసిందే, సినిమా కూడా చూశాం. ఆ తిరుగుబాటులో బోయలు, యానాదులు, మన చెంచులు ఆయన వెంట నడిచారని చరిత్ర పుస్తకాల్లో ఉంది. చాలా చోట్ల ఆ ఒక్క మాటతోనే సరిపెట్టారు. తెగ పేరు మిగిలింది, మనిషి పేరు మిగల్లేదు. నాయకుడికి ఒక చోటు, ఒక తేదీ ఉన్నాయి. మరి ఆయన వెంట పోయిన మన ముత్తాతలను ఎక్కడ పూడ్చారు?

వెతకాలనుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు మొదట కర్నూలు రికార్డులు అడుగుతారు. అక్కడే దారి తప్పుతుంది. 1846లో కోవెలకుంట్ల కడప జిల్లాలో ఉండేది. తిరుగుబాటును అణచిన కాక్రేన్ కూడా కడప కలెక్టరే. 1858లో ఆ తాలూకాను కర్నూలులో కలిపారు, 2022 నుంచి అది నంద్యాల జిల్లా. కాబట్టి ఆనాటి కాగితాలను కడప జిల్లా పేరు కింద వెతకాలి. నిమ్మల, మండ్ల, కుడుముల, ఉడతల వంటి మన ఇంటిపేర్లను దొరలు తమ చెవికి వినబడినట్టు రాసి ఉంటారు. చదివేటప్పుడు పైకి పలికి చూడండి.

అయితే కాగితం ఒక్కటే సమాధి దాకా తీసుకుపోదు. మనవాళ్లు పోయినవాళ్లను గూడేనికి కాస్త దూరంలో పూడ్చి, మూడోనాడు చిన్నదినం, ఆ తరువాత పెద్దదినం చేసేవాళ్లు. పేరు చెక్కిన రాయి నిలిపే అలవాటు లేదు. పైగా నీళ్లు, గడ్డలు, తేనె దొరికే చోటును బట్టి గూడెం కదిలేది. గూడెం లేచిపోయాక ఆ చోటు మీద పొదలు పెరిగేవి.

ఆత్మకూరు వైపు నుంచి శ్రీశైలం పోయే పాత కాలిబాట వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా సాగుతుంది. ఆ బాటలో యాత్రికులకు కాపలా కాసి, రుసుము తీసుకున్నది మనవాళ్లే. మల్లన్నను చెంచు మల్లయ్య అని, మన ఇంటి అల్లుడని పిలుచుకున్నదీ ఆ అడవిలోనే. తరతరాలుగా ఆ దారిని కాచినవాళ్లలో ఎందరో ఆ దారి పక్కనే మట్టిలో ఉంటారు.

1980ల మొదట్లో శ్రీశైలం జలాశయం నిండినప్పుడు కృష్ణ ఒడ్డున ఉన్న పాత గుళ్లను రాయి రాయీ విప్పి ఆలంపురం తదితర చోట్లకు చేర్చారు. మంచి పనే. పేరు లేని సమాధిని మాత్రం ఎవరు విప్పుతారు, ఎక్కడికి చేరుస్తారు?

ఇదంతా పాత బాధ అనుకోకండి. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన నియమాల్లో 13వది చదవండి. హక్కు కోరేటప్పుడు చూపదగిన ఆధారాల్లో పాత బావులు, పూడ్చిన స్థలాలు, పవిత్ర స్థలాలు ఉన్నాయి. వంశావళి ఉంది. పెద్దలు చెప్పిన మాటను రాతలో పెడితే అదీ ఆధారమే. కానీ ఆ పెద్ద, హక్కు కోరుతున్న మనిషి కాకూడదు. అంటే హక్కు కోరేది మీ నాయనే అయితే, మీ తాతను పూడ్చిన చోటు గురించి ఆయన చెబితే చాలదు, పక్కింటి అవ్వ లాంటి వేరే పెద్ద చెప్పాలి. ఆమె మాటను తేదీతో రాసి, వేలిముద్ర వేయించి, గ్రామసభ ముందు పెట్టాలి. ఆ అవ్వకు ఎనభై ఏళ్లుంటే వచ్చే ఏడాది చూద్దాంలే అనుకోకండి.

అడిగే తీరు కూడా ఉంది. “తాతను ఎక్కడ పూడ్చారు?” అని సూటిగా అడిగితే చాలామంది “అడవిలో” అని ఊరుకుంటారు. “తాత పోయిన ఏడు మనం ఏ గూడెంలో ఉన్నాం? నీళ్లు ఏ చెలమ నుంచి తెచ్చుకునేవాళ్లం? పొద్దు గుంకే వైపు ఏ చెట్టు ఉండేది?” అని అడగండి. చెలమ పేరు దొరికితే గూడెం దొరుకుతుంది, గూడెం దొరికితే వెతకాల్సిన చోటు నాలుగు కేకల దూరానికి వస్తుంది. అది పులుల అభయారణ్యం లోపల ఉంటే అటవీ శాఖ అనుమతి తీసుకుని, ఆ అవ్వను వెంటబెట్టుకుని పోండి.