కంప్యూటర్ ముట్టుకుంటే జివ్వుమంటోందా? ముందు ఎర్తింగ్ చూడండి

సీపీయూ డబ్బాకి చెయ్యి తగిలితే జివ్వుమనడం చాలా ఇళ్లలో మామూలే. "చెప్పులేసుకుని కూర్చో" అని పిల్లలకి చెప్పి ఊరుకుంటారు. కొందరు కంప్యూటర్ పాడైందని రిపేరు షాపుకి మోసుకెళ్తారు. అక్కడ షాకు కొట్టదు. ఇంటికి తెచ్చి పెడితే మళ్లీ అదే తంతు. కారణం ఏంటంటే, చాలాసార్లు లోపం ఉండేది కంప్యూటర్‌లో కాదు, గోడలోని వైరింగ్‌లో.

షాకు ఎందుకు కొడుతుంది?

ఇంటికి వచ్చే కరెంటు 230 వోల్టులు. దాన్ని కంప్యూటర్‌కి కావలసిన 12, 5, 3.3 వోల్టులకి మార్చే పెట్టె ఎస్‌ఎంపీఎస్. అందులో ఫిల్టర్ కోసం చిన్న కెపాసిటర్లు పెడతారు. వాటి గుండా కొద్దిపాటి కరెంటు ఇనప బాడీకి చేరుతుంది. దాని తయారీయే అంత. ఆ కరెంటు త్రీ పిన్ ప్లగ్‌లో పైనుండే లావు పిన్ను ద్వారా ఎర్త్ వైరులోకి, అక్కడి నుంచి భూమిలోకి పోవాలి. ఎర్త్ లేకపోతే పోయే దారి ఉండదు. బాడీ మీద సుమారు సగం వోల్టేజీ నిలబడుతుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి జివ్వుమని వదిలేస్తుంది.

అసలు ప్రమాదం వేరే ఉంది. ఏదో ఒక రోజు లోపల ఇన్సులేషన్ చెడి ఫేజ్ నేరుగా బాడీకి తగిలితే, ఎర్త్ ఉన్న ఇంట్లో ఫ్యూజ్ పోతుంది లేదా ఎంసీబీ పడిపోతుంది. ఎర్త్ లేని ఇంట్లో ఏదీ పడకపోవచ్చు. ముట్టుకున్న మనిషి గుండానే కరెంటు భూమిలోకి పోతుంది. ఇప్పుడు జివ్వుమనడం దానికి ముందస్తు హెచ్చరిక.

ఎలా కనిపెట్టాలి?

ముందు ప్లగ్ చూడండి. పై పిన్ను విరిగిందా? టూ పిన్‌గా మార్చే ముక్క మధ్యలో ఉందా? చవక ఎక్స్‌టెన్షన్ బాక్సుల్లో మూడు రంధ్రాలున్నా లోపల రెండు వైర్లే ఉండొచ్చు. గల్ఫ్ నుంచి తెచ్చిన వస్తువులకి చదరపు పిన్నుల ప్లగ్ ఉంటుంది. దానికి వాడే కన్వర్టర్లలో కొన్నిటికి ఎర్త్ కనెక్షనే ఉండదు. అలాంటి ప్లగ్ లోపల చిన్న ఫ్యూజ్ కూడా ఉంటుంది. వస్తువు ఆన్ కాకపోతే ముందు అది చూసుకోవాలి.

తర్వాత ఎలక్ట్రీషియన్‌తో సాకెట్‌ని మల్టీమీటర్ పెట్టి చూపించండి. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య సుమారు 230, ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య దాదాపు అంతే రావాలి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఒకటి రెండు వోల్టులకి మించకూడదు. ఫేజ్-ఎర్త్ మధ్య బాగా తక్కువ చూపిస్తే ఎర్త్ తెగినట్టే. ఎర్తింగ్ గుంత వేసవిలో ఎండిపోయినా పని చెయ్యదు. అందుకే అప్పుడప్పుడు నీళ్లు పోయాలి.

ఒక మోసం జాగ్రత్త. కొందరు సాకెట్ లోపలే న్యూట్రల్ వైరుని ఎర్త్ పిన్నుకి కలిపేస్తారు. జివ్వుమనడం ఆగుతుంది, మీటరు కూడా బాగానే చూపిస్తుంది. కానీ న్యూట్రల్ ఎక్కడైనా తెగితే బాడీ మొత్తానికి కరెంటు వచ్చేస్తుంది. అందుకని సాకెట్ విప్పించి చూసుకోవాలి. మెయిన్ బోర్డులో 30 మిల్లీఆంపియర్ ఆర్‌సీసీబీ పెట్టిస్తే ఇంటిల్లిపాదికీ రక్షణ.

కంప్యూటర్ అసలు ఆన్ కాకపోతే

1. అదే సాకెట్‌లో ఫోన్ చార్జర్ పెట్టి కరెంటు ఉందో లేదో చూడండి.
2. మానిటర్ పవర్ కేబుల్ సాధారణంగా సీపీయూకి కూడా సరిపోతుంది. మార్చి చూడండి.
3. ఎస్‌ఎంపీఎస్ వెనక చిన్న స్విచ్ ఆఫ్‌లో ఉందేమో చూడండి.
4. యూపీఎస్‌ని తప్పించి నేరుగా గోడ సాకెట్‌కి పెట్టండి. అప్పుడు ఆన్ అయితే అనుమానం యూపీఎస్ బ్యాటరీ మీదే. అది సాధారణంగా రెండు మూడేళ్లకి బలహీనపడుతుంది.
5. ప్లగ్ పీకి, పవర్ బటన్ అర నిమిషం నొక్కి పట్టుకుని, మళ్లీ పెట్టి చూడండి.

అప్పటికీ కాకపోతే మెకానిక్‌కి చూపించాలి.

ఇవి మాత్రం చెయ్యొద్దు

ఎస్‌ఎంపీఎస్ డబ్బా ఇంట్లో విప్పొద్దు. ప్లగ్ పీకాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకి పైగా నిలిచి ఉండొచ్చు. లేజర్ ప్రింటర్‌ని ఇంటి యూపీఎస్‌కి తగిలించొద్దు, వేడెక్కేటప్పుడు అది చాలా కరెంటు లాగుతుంది. లాప్‌టాప్ అడాప్టర్ మారిస్తే వోల్టేజీ అంతే ఉండాలి, ఆంపియర్లు పాతదానికి తగ్గకూడదు. ఉరుములు మొదలవ్వకముందే ప్లగ్‌తో పాటు ఇంటర్నెట్ లాన్ కేబుల్ కూడా పీకేయాలి. మెరుపులు మొదలయ్యాక దేన్నీ ముట్టుకోకూడదు.

అద్దె ఇల్లైతే ఎర్తింగ్ గురించి ఓనర్‌ని అడగడానికి మొహమాటపడక్కర్లేదు. కంప్యూటర్ పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు. దాని ముందు కూర్చునేది మన పిల్లలు.