బోధించుటకు అధికారపత్రం: తెలుగునాట ఉపాధ్యాయ అర్హతల చరిత్ర, సంఘ పాఠశాలల బాధ్యత

ఉపోద్ఘాతం

తెలుగు దేశంలో సంఘ చరిత్రను వ్రాసినవారు మిషనెరీలను గూర్చి, బాప్తిస్మముల సంఖ్యను గూర్చి, ఆలయ నిర్మాణాలను గూర్చి విరివిగా వ్రాశారు. పలకా బలపం పట్టుకొని పల్లెలో కూర్చున్న ఉపాధ్యాయుని గూర్చి వ్రాసినది తక్కువ. ఆ ఉపాధ్యాయునికి బోధించే అధికారం ఎవరు ఇచ్చారు? ఏ పరీక్ష ద్వారా ఇచ్చారు? ఆ అధికారపత్రం ఆయన జీవితాన్ని, సంఘాన్ని ఎలా మార్చింది? ఈ ప్రశ్నలు పాతవిగా కనిపించినా, 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వీటిని మన పాఠశాలల గుమ్మం ముందుకు తిరిగి తెచ్చింది. కనుక ఉపాధ్యాయ అర్హతలు ఎలా ఏర్పడ్డాయి, ఎన్ని విధాలుగా మారాయి, నేడు ఎలా ఉన్నాయి అనే విషయాలను ఈ వ్యాసంలో క్రమంగా పరిశీలిద్దాం.

1. అనుమతిపత్రం సంఘంలోనే పుట్టింది

బోధించుటకు లైసెన్సు అనే పద్ధతిని ప్రభుత్వాలు కనిపెట్టలేదు. మధ్యయుగ ఐరోపాలో కేథడ్రల్ పాఠశాలల అధికారి అనుమతి లేనిదే ఎవరూ బోధించే వీలు లేదు. ఆ అనుమతి క్రమేణా అమ్మకపు వస్తువైంది. అందుచేత 1179లో జరిగిన మూడవ లాటరన్ మహాసభ ఈ సంగతిని విచారించి, బోధనానుమతికి రుసుము తీసుకొనరాదనీ, యోగ్యుడైనవానికి అనుమతి నిరాకరించరాదనీ తీర్మానించింది. ప్రతి కేథడ్రల్ సంఘం బీద విద్యార్థులకు ఉచితంగా చెప్పే ఒక గురువును పోషించాలని కూడా అదే తీర్మానం ఆదేశించింది. అనుమతి అమ్ముడుపోకూడదు, అర్హుడు తిరస్కరింపబడకూడదు, బీదవాడు గురువు లేక మిగిలిపోకూడదు. ఈ మూడు సూత్రాలను మనం గుర్తుంచుకోవాలి.

సంస్కరణోద్యమం తరువాత కూడా ఈ అధికారం సంఘం చేతిలోనే నిలిచింది. ఇంగ్లాండు సంఘపు 1604 నాటి నిబంధనల ప్రకారం బిషప్ అనుమతి లేకుండా ఎవరూ పాఠశాలలో చెప్పరాదు. పంతొమ్మిదవ శతాబ్దంలో ఈ అధికారం క్రమంగా రాజ్యం చేతికి వెళ్లింది. అయినా పాత మాట మాత్రం పోలేదు. మద్రాసు విశ్వవిద్యాలయం పట్టభద్రులైన ఉపాధ్యాయులకు ఇచ్చిన ఎల్.టి. పట్టాలోని 'లైసెన్షియేట్' అనే పదం ఆ మధ్యయుగపు అనుమతికి వారసురాలే.

2. ఉపదేశియే ఉపాధ్యాయుడు

శామ్యూల్ డే 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ 1841లో మచిలీపట్నం వచ్చారు. ఫాదర్ హేయర్ 1842లో గుంటూరు చేరారు. వీరందరూ వచ్చిన కొద్దికాలానికే పాఠశాలలు తెరిచారు. 1843లో ప్రారంభమైన నోబుల్ పాఠశాల పట్టణాలలోని పై కులాల బాలురకు ఆంగ్ల విద్యను అందించింది. కాని పల్లెలలో పరిస్థితి వేరు. 1866లో జాన్ క్లౌ ఒంగోలు చేరిన తరువాత, ముఖ్యంగా 1876-78 నాటి గొప్ప కరువు తరువాత, మాదిగ మాల పల్లెలలో వేలాదిమంది సంఘంలో చేరారు. వీరి పిల్లలకు ఊరి బడిలో ప్రవేశం లేదు. కనుక పల్లెలోనే, తరచు ప్రార్థన జరిగే పాకలోనే, బడి పెట్టవలసి వచ్చింది.

ఈ బడిలో చెప్పినది ఎవరు? పగలు పిల్లలకు అక్షరాలు నేర్పి, సాయంకాలం పెద్దలకు వాక్యం చెప్పి, ఆదివారం ఆరాధన నడిపిన ఉపదేశియే. మొదటి తరం ఉపదేశులలో చాలామందికి ఉన్న అర్హత చదవడం, వ్రాయడం, మంచి సాక్ష్యం. ఆయనను నియమించినది మిషనెరీ, ఆమోదించినది సంఘం. ప్రభుత్వానికి ఆ నియామకంతో పని లేదు. దోర్నకల్ అధ్యక్షఖండంలో 1912 నుండి 1945 వరకు బిషప్ అజరయ్యగారు ఇటువంటి గ్రామ ఉపదేశకుల మీదనే గ్రామ పరిచర్యను నిర్మించిన సంగతి మనకు తెలిసినదే.

3. గ్రాంటు వచ్చింది, ధ్రువపత్రం వచ్చింది

1854 నాటి ఉడ్ విద్యా ప్రకటన ఈ పరిస్థితిని మార్చింది. ప్రైవేటు పాఠశాలలకు ప్రభుత్వ సహాయ ధనం ఇవ్వాలనీ, ప్రతి ప్రెసిడెన్సీలోను ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలు నెలకొల్పాలనీ ఆ ప్రకటన నిర్దేశించింది. 1856లో మద్రాసులో ప్రభుత్వ నార్మల్ స్కూలు ఏర్పడింది. తరువాత అది సైదాపేటకు తరలి ఉపాధ్యాయ కళాశాలగా ప్రసిద్ధి చెందింది. 1880ల నుండి పట్టభద్రులకు ఎల్.టి. పట్టా లభించింది. 1882 నాటి హంటర్ కమిషన్ బోధనా సూత్రాలలోను, బోధనాభ్యాసంలోను పరీక్ష ఉండాలనీ, అందులో కృతార్థులైన వారినే ఉన్నత పాఠశాలలలో స్థిరంగా నియమించాలనీ సూచించింది.

సహాయ ధనం రెండు మార్గాలలో వచ్చేది. ఒకటి, ఫలితాలను బట్టి చెల్లింపు. ఇన్‌స్పెక్టరు వచ్చి పిల్లలను ఒక్కొక్కరిని పరీక్షించి, ఉత్తీర్ణులైన వారి లెక్క ప్రకారం గ్రాంటు నిర్ణయించేవాడు. వ్యవసాయపు పనుల రోజులలో పిల్లలు బడికి రాకపోతే, ఆ నష్టం ఉపాధ్యాయుని కుటుంబంపై పడేది. రెండవది, జీతపు గ్రాంటు. ధ్రువపత్రం గల ఉపాధ్యాయుని జీతంలో కొంత భాగాన్ని ప్రభుత్వం భరించేది. మొదటి మార్గం క్రమంగా అంతరించి రెండవది నిలిచింది. దీని ఫలితం మన చరిత్రకు ముఖ్యమైనది. అంతవరకు మంచి సాక్ష్యం మాత్రమే ఉన్న ఉపదేశికి ఇప్పుడు కాగితం కూడా అవసరమైంది. కాగితం ఉంటే మిషనుకు ఖర్చు తగ్గుతుంది, లేకపోతే బడి నడపడమే కష్టం.

కనుక మిషన్లు తమ సొంత శిక్షణ పాఠశాలలను నెలకొల్పాయి. బాపట్లలో బాప్టిస్టు మిషను, రాజమండ్రిలో లూథరన్ మిషను, నంద్యాలలో ఎస్.పి.జి. మిషను నడిపిన ట్రెయినింగ్ స్కూళ్ల పేర్లు పాత సంఘ కుటుంబాలలో నేటికీ వినిపిస్తాయి. స్త్రీలకు కూడా శిక్షణ దొరికింది. ఆడపిల్లలు బడికి వెళ్లడమే అరుదైన ఆ రోజులలో తెలుగు జిల్లాలలోని ఉపాధ్యాయినులలో క్రైస్తవ స్త్రీలు ప్రముఖంగా కనిపించడానికి కారణం ఇదే.

4. తరగతులు, హోదాలు

మద్రాసు ప్రెసిడెన్సీలో ఉపాధ్యాయ ధ్రువపత్రాలు చదువును బట్టి మెట్లు మెట్లుగా ఏర్పడ్డాయి. ప్రాథమిక స్థాయి వరకే చదివినవారికి లోయర్ ఎలిమెంటరీ, ఎనిమిదవ తరగతి వరకు చదివి శిక్షణ పొందినవారికి హయ్యర్ ఎలిమెంటరీ, ఎస్.ఎస్.ఎల్.సి. పూర్తిచేసి శిక్షణ పొందినవారికి సెకండరీ గ్రేడ్, పట్టభద్రులకు ఎల్.టి., అనంతర కాలంలో బి.టి., ఆపైన బి.ఇడి. భాషా పండితులకు, వ్యాయామ ఉపాధ్యాయులకు వేరు శిక్షణలు ఉండేవి. నేడు మనం ఎస్.జి.టి. అని పిలిచే సెకండరీ గ్రేడ్ టీచర్ అనే పేరు ఆ మెట్లలో ఒకదాని జ్ఞాపకమే. మెట్లు పోయాయి, పేరు మిగిలింది.

ఈ పత్రం పల్లెలో ఏమి చేసిందో కొలవడం కష్టం. నిన్నటివరకు ఏకవచనంలో పిలువబడిన మనిషి 'పంతులుగారు' అయ్యాడు. నెలకు కొద్ది రూపాయలే అయినా నగదు జీతం, కూలి గింజలపై ఆధారపడని బ్రతుకు, పిల్లలను బోర్డింగుకు పంపగల స్థోమత లభించాయి. మన సంఘాలలోని అనేక వైద్య, న్యాయవాద, ఉద్యోగ కుటుంబాల వంశవృక్షాన్ని వెనుకకు తరచి చూస్తే, మొదట ఒక హయ్యర్ గ్రేడ్ ఉపాధ్యాయుడో ఉపాధ్యాయినియో కనిపిస్తారు.

అయితే నష్టం కూడా లేకపోలేదు. ధ్రువపత్రం లేని వృద్ధ ఉపదేశులు బడి నుండి తొలగవలసి వచ్చింది. పత్రం గల యువకులు తరువాత బోర్డు పాఠశాలలకు, మెరుగైన జీతాలకు వెళ్లారు. ఒక్కటిగా ఉన్న ఉపదేశి, ఉపాధ్యాయుడు రెండు ఉద్యోగాలుగా విడిపోయారు. సంఘానికి కాపరి మిగిలాడు గాని, వారం పొడుగునా పిల్లల మధ్య ఉండేవాడు కరువయ్యాడు.

5. స్వాతంత్ర్యానంతర పరిణామాలు

రాజ్యాంగంలోని 30వ అధికరణం మతపరమైన, భాషాపరమైన అల్పసంఖ్యాకులకు తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకొనే హక్కును ఇచ్చింది. ఈ హక్కు క్రింద మన పాఠశాలలే గాక, ఉపాధ్యాయ శిక్షణ సంస్థలు కూడా నడిచాయి. కాని ప్రభుత్వోద్యోగానికి శిక్షణ పత్రం తాళంచెవి అయ్యేసరికి, ఆ పత్రాన్ని అమ్ముకొనే సంస్థలూ పుట్టాయి. 1986లో ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి లేకుండా నడిచిన ప్రైవేటు శిక్షణ సంస్థల విద్యార్థులు తమను పరీక్షకు అనుమతించమని కోరగా సుప్రీంకోర్టు నిరాకరించింది. లేత మనస్సులను సరియైన శిక్షణ లేనివారి చేతికి అప్పగించలేమన్నది ఆ తీర్పు సారాంశం. 1179లో లాటరన్ మహాసభ ఖండించిన దోషం ఎనిమిది వందల సంవత్సరాల తరువాత మన మధ్య వేరొక రూపంలో కనిపించిందని చెప్పక తప్పదు.

1986 జాతీయ విద్యావిధానం తరువాత జిల్లా విద్యా శిక్షణ సంస్థలు, అనగా డైట్‌లు ఏర్పడ్డాయి. 1993 చట్టం ద్వారా జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలికి చట్టబద్ధత లభించి, 1995లో అది పని ప్రారంభించింది. అప్పటి నుండి శిక్షణ సంస్థల గుర్తింపు, అర్హతల నిర్ణయం ఢిల్లీకి చేరాయి.

6. నేటి అర్హతలు

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. ఆ సంవత్సరం ఆగస్టు 23న జాతీయ మండలి కనీస అర్హతలను ప్రకటించింది. దాని ప్రకారం 1 నుండి 5 తరగతులకు ఇంటర్మీడియట్, రెండేళ్ల డి.ఇఎల్.ఇడి. ప్రధానమైన మార్గం. 6 నుండి 8 తరగతులకు సాధారణంగా డిగ్రీ, బి.ఇడి. ఈ రెంటితోపాటు ఉపాధ్యాయ అర్హత పరీక్ష, అనగా టెట్‌లో ఉత్తీర్ణత తప్పనిసరి. టెట్ 150 మార్కులకు ఉంటుంది. సాధారణ అభ్యర్థులకు 60 శాతం, మన రాష్ట్రాలలో వెనుకబడిన తరగతులకు 50, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి 40 శాతం రావాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదటి టెట్ 2011లో జరిగింది. మొదట ఏడేళ్లున్న దీని గడువును 2021లో జీవితకాలానికి పెంచారు. బి.ఇడి. చదివినవారు ప్రాథమిక తరగతులకు అర్హులు కారని సుప్రీంకోర్టు 2023 ఆగస్టు 11న తేల్చింది. చిన్నపిల్లలకు చెప్పడం తక్కువ పని కాదనీ, అది వేరొక విద్య అనీ ఈ తీర్పు మనకు నేర్పుతున్నది.

ఇక్కడ మూడు విషయాలను వేరుచేసి చూడాలి. డి.ఇఎల్.ఇడి. లేక బి.ఇడి. శిక్షణకు సాక్ష్యం. టెట్ అర్హతకు సాక్ష్యం. డి.ఎస్.సి. ప్రభుత్వ నియామకం. టెట్ పాసైనంత మాత్రాన ఉద్యోగం రాదు. అమెరికాలో పద్ధతి వేరు. అక్కడ ప్రతి రాష్ట్రమూ తన లైసెన్సును తానే ఇస్తుంది. ప్రారంభ లైసెన్సు, అనుభవం తరువాత వృత్తి లైసెన్సు, ఇతర వృత్తుల నుండి వచ్చేవారికి ప్రత్యామ్నాయ మార్గం, ఉపాధ్యాయుల కొరత ఉన్నచోట తాత్కాలిక అనుమతి అని పలు రకాలున్నాయి. సాధారణంగా గడువు తీరగానే వాటిని నవీకరించుకోవాలి. అక్కడికి వెళ్లిన మన తెలుగు ఉపాధ్యాయులు ప్రభుత్వ బడిలో చేరాలంటే ఇక్కడి బి.ఇడి.ని మదింపు చేయించుకొని, ఆ రాష్ట్రపు నిబంధనలను పూర్తిచేయవలసి ఉంటుంది.

7. మైనారిటీ హక్కు, టెట్ ప్రశ్న

2002లో టి.ఎం.ఎ. పాయ్ కేసులో పదకొండుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, అల్పసంఖ్యాక సంస్థలలో కూడా ఉపాధ్యాయుల కనీస అర్హతలను రాజ్యం నిర్ణయించవచ్చునని చెప్పింది. 2014 మే 6న ప్రమతి కేసులో అయిదుగురు న్యాయమూర్తులు విద్యాహక్కు చట్టం అల్పసంఖ్యాక పాఠశాలలకు వర్తించదని తీర్పిచ్చారు. 2025 సెప్టెంబరు 1న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ప్రమతి తీర్పుపై సందేహం వెలిబుచ్చి, దానిని విస్తృత ధర్మాసనానికి నివేదించాలని కోరింది. అల్పసంఖ్యాకేతర పాఠశాలలలో పదవీ విరమణకు అయిదేళ్లకు మించి సమయం ఉన్న ఉపాధ్యాయులు రెండేళ్లలో టెట్ పాస్ కావాలని అదే తీర్పులో ఆదేశించింది.

ఈ సందర్భంలో మన నిర్వాహకులు తరచు అడిగేది ఒక్కటే: మనకు మినహాయింపు ఉన్నదా? ఈ ప్రశ్న న్యాయమైనదే. 30వ అధికరణం మన పూర్వికులు కష్టపడి కాపాడుకొన్న హక్కు. కాని చరిత్ర మనలను వేరొక ప్రశ్న అడుగుతున్నది. తెలుగు పల్లెలలో శిక్షణ పొందిన ఉపాధ్యాయుని కొరకు తమ డబ్బు వెచ్చించి ట్రెయినింగ్ స్కూళ్లు కట్టినవారి వారసులం మనం. అర్హత లేనివారిని తక్కువ జీతానికి నియమించుకొనుటకు ఆ హక్కును అడ్డుపెట్టుకొంటే, కాపాడుకొన్నది హక్కా, పొదుపా? అంతేగాక, మన ఎయిడ్ లేని ఆంగ్ల మాధ్యమ పాఠశాలలలో చెప్పే యువతులలో చాలామంది మన సంఘ సభ్యులే. శిక్షణ లేనందున వారు మరొక చోటికి వెళ్లలేరు. మినహాయింపు పాఠశాలకు మేలైనా, వారికి సంకెలే.

ముగింపు

యాకోబు తన పత్రిక మూడవ అధ్యాయంలో బోధకులకు కఠినమైన తీర్పు ఉంటుందని హెచ్చరించాడు. ఆ హెచ్చరిక ప్రసంగ వేదికకే పరిమితం కాదు, నల్లబల్ల ముందు నిలిచినవారికి, వారిని నిలిపినవారికి కూడా చెందుతుంది. న్యాయస్థానం చివరకు ఏమి తీర్మానించినా, మన సంఘాలు చేయగల పనులు కొన్ని కలవు. శిక్షణ లేని ఉపాధ్యాయులను డి.ఇఎల్.ఇడి., బి.ఇడి. చదివించుటకు సెలవు, సహాయం ఇవ్వాలి. డయోసిసులు, సినడులు తమ పాఠశాలల ఉపాధ్యాయులకు సెలవు దినాలలో టెట్ తరగతులు నడపాలి. అర్హత పొందినవారికి అర్హతకు తగిన జీతం ఇవ్వాలి. ఎందుకనగా జీతం పెంచకుండా అర్హత అడిగితే అది భారమే గాని ఘనత కాదు.

అనుమతి అమ్ముడుపోకూడదు, అర్హుడు తిరస్కరింపబడకూడదు, బీద బాలునికి మంచి గురువు దొరకాలి అని సంఘం 1179లోనే తీర్మానించింది. ఆ తీర్మానాన్ని రాజ్యం గుర్తుచేసేవరకు మనం కనిపెట్టుకొని ఉండనవసరం లేదు.