కాఫీ మీద విచారణ: మక్కా నుంచి నాయుడుపేట దాకా

కాఫీ ఆరోగ్యానికి మంచిదా, చెడ్డదా? పత్రికల వైద్య శీర్షికల్లో ఏడాదికి నాలుగుసార్లు కనిపించే ఈ ప్రశ్నకు ఐదు వందల ఏళ్ళ వయసుంది. దీని మీద కొలువు కూర్చుని, సాక్షుల్ని పిలిపించి, తీర్పు రాసిన సంగతి 1511 నాటిది. ఊరు మక్కా. ముద్దాయి కాఫీ. సాక్షులు ఇద్దరు హకీములు, అన్నదమ్ములు.

ఖాయిర్ బేగ్ అప్పట్లో మక్కా బజారు వ్యవహారాల మీద అధికారి. ఒక రాత్రి మసీదు ఆవరణ దగ్గర దీపాల వెలుగులో కొందరు కూర్చుని, గిన్నె చేతులు మారుస్తూ ఏదో తాగుతుంటే చూశాడు. ఏమిటని అడిగితే ఖహ్వా అన్నారు. అరబ్బీలో ఆ మాటకు అంతకు ముందు సారా అనే అర్థం ఉండేది. మర్నాడు ఉలేమాల్ని పిలిపించాడు. మత్తు ఎక్కనిదాన్ని హరాం అనడానికి వాళ్ళకు ధైర్యం చాలలేదు. వైద్యులు చెబితే చూద్దామన్నారు. అప్పుడొచ్చారు ఆ హకీములు. కాఫీ చలవ చేసేది, పొడిబార్చేది, ఒంటికి చేటు అని సాక్ష్యం చెప్పారు. ఇంకేం, కాఫీ గింజల్ని వీధుల్లో పోసి తగలబెట్టారు.

అదే యూనానీ వైద్యం చదివిన వేరే హకీములు కాఫీ ఉష్ణం చేస్తుందన్నారు. ఒకే గింజ, ఒకే శాస్త్రం, రెండు తీర్పులు! ఎందుకంటే ఆ రోజు విచారణ నిజానికి కాఫీ గుణం మీద జరగలేదు. రాత్రిపూట పాలకుడికి తెలియకుండా పదిమంది ఒకచోట కూర్చోవడం మీద జరిగింది. కైరో సుల్తాను నుంచి వచ్చిన ఫర్మానా ఆ ముసుగు తీసేసింది. గుంపులు కట్టడాన్ని అదుపు చెయ్యమంది కానీ కాఫీని పూర్తిగా నిషేధించలేదు. మరుసటి ఏడు ఖాయిర్ బేగ్ ఉద్యోగం పోయింది. కాఫీ మిగిలింది.

అసలు ఆ గిన్నె తిప్పడం నేర్పింది ఎవరు? యెమెన్ సూఫీలు. పదిహేనో శతాబ్దంలో రాత్రి జిక్ర్‌లో నిద్ర తూలకుండా ఉండటానికి వాళ్ళు కాఫీ కాచుకున్నారు. మొక్క పుట్టింది ఇథియోపియా అడవుల్లో. దాన్ని పానీయంగా మార్చి, రేవు దాటించి లోకానికిచ్చింది యెమెన్. మోఖా రేవు పేరు ఇవాళ్టికీ కాఫీ డబ్బాల మీద ఉంది. 1753లో లిన్నేయస్ ఆ మొక్కకు అరబికా అనే పేరు పెట్టాడు. కాఫీ అనే మాటలో ఖహ్వా ఉంది. పొద్దున్నే ఇంటింటా మనం పలికే అరబ్బీ మాట ఇది. దానికెవరూ అభ్యంతరం చెప్పరు.

కాఫీకి తర్వాతా నెమ్మది లేదు. 1633లో ఇస్తాంబుల్‌లో నాలుగో మురాద్ కాఫీ దుకాణాలు మూయించాడు. అవి మురికి వల్ల మూతపడలేదు, అక్కడి జనం రాజ్యం సంగతులు మాట్లాడుకుంటున్నారని మూతపడ్డాయి. 1674లో లండన్‌లో ఆడవాళ్ళ పేరిట ఒక కరపత్రం వచ్చింది. కాఫీ మగవాళ్ళను నిర్వీర్యుల్ని చేస్తోందని దాని ఫిర్యాదు. మరుసటి ఏడాది చివర్లో రెండో ఛార్లెస్ కాఫీ హౌసులు మూసెయ్యమని ఉత్తర్వు వేశాడు. జనం మండిపడితే రోజుల్లోనే వెనక్కి తీసుకున్నాడు. సుల్తానైనా క్రైస్తవ రాజైనా పాలకుడి భయం ఒక్కటే. ఆ భయం వైద్యుడి గొంతుతో మాట్లాడితే మర్యాదగా వినిపిస్తుంది. మన తిండి గురించి, మన శుభ్రత గురించి ఆరోగ్యం పేరుతో ఎవరైనా తీర్పు చెప్పినప్పుడు ముస్లిములు ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూసేది ఇందుకే.

ఇక మన దేశానికి వద్దాం. జహంగీర్ కాలంలో థామస్ రో వెంట వచ్చిన పాదిరీ ఎడ్వర్డ్ టెర్రీ, 1655లో అచ్చయిన తన పుస్తకంలో ఒక సంగతి రాశాడు. ఇక్కడ మతనిష్ఠ గలవాళ్ళు చాలామంది సారా ముట్టకుండా కాఫీ తాగుతారట. రుచికన్నా మేలు ఎక్కువట, అరుగుదలకూ హుషారుకూ మంచిదట. అంటే మక్కాలో చేటు చేసిందని తగలబెట్టిన కాఫీకి, వందేళ్ళు గడిచాక మన గడ్డ మీద ఒక ఇంగ్లీషు పాదిరీ ఆరోగ్య సర్టిఫికెట్టు ఇచ్చాడు.

తాగడం సరే, పండించడం? చిక్కమగళూరు కొండల మీద బాబా బుడన్ పేరు నిలిచి ఉంది. హజ్ నుంచి తిరిగొస్తూ ఆ సూఫీ ఏడు పచ్చి గింజల్ని నడుముకు కట్టుకుని తెచ్చాడని, చంద్రద్రోణ కొండల్లో నాటాడని కథ. యెమెన్ వర్తకులు మొలకెత్తే గింజను బయటికి పోనిచ్చేవాళ్ళు కాదు. అందుకే నడుముకు కట్టుకోవాల్సి వచ్చింది. 1670 ప్రాంతం అంటారు. రాతకోతల సాక్ష్యం లేని కథ ఇది. కానీ ఆ కొండల పేరు బాబా బుడన్ గిరి అన్నది కథ కాదు. పదిహేడో శతాబ్దం చివర్లో డచ్చివాళ్ళు జావాకు కాఫీ మొక్కలు తీసుకుపోయింది మన మలబారు తీరం నుంచే అన్నదీ కథ కాదు.

అదే కొండ మీది దర్గాలో బాబా బుడన్‌నూ, దత్తాత్రేయుణ్ణీ ఒకే గుహలో కొలిచిన జనం తరతరాలుగా ఉన్నారు. 1990ల చివరి నుంచి అక్కడ ‘దక్షిణాది అయోధ్య’ అనే నినాదం లేచింది. వ్యవహారం కోర్టుల్లోకీ ప్రభుత్వ ఉత్తర్వుల్లోకీ ఎక్కింది. ఆ నినాదం ఇచ్చినవాళ్ళు పొద్దున్నే ఏం తాగి ఊరేగింపుకు బయల్దేరారో అడగాలనిపిస్తుంది. గింజ మనది, తెచ్చినవాడు పరాయివాడు అనే లెక్క ఏ లెక్క?

ఈ లెక్క తేల్చుకోవాలంటే మా నాయుడుపేట లాంటి ఊరి నుంచి చూడాలి. స్వర్ణముఖి ఒడ్డున ఉన్న ఊరు. మద్రాసు నుంచి కలకత్తాకు పోయే రోడ్డూ, మద్రాసు-గూడూరు రైలు మార్గమూ ఊరిని తాకుతూ పోతాయి. శ్రీకాళహస్తి మీదుగా తిరుపతికి పోయే రోడ్డు ఇక్కడ చీలుతుంది. 1953 దాకా మద్రాసు రాష్ట్రం, 2022 ఏప్రిల్ దాకా నెల్లూరు జిల్లా, ఆ తర్వాత తిరుపతి జిల్లా. ఫైళ్ళల్లో ఊరు చోటు మారినా గ్లాసులో కాఫీ మారలేదు. ఫిల్టరు, డికాషన్, డబరా అన్న మాటలే చెబుతాయి, ఈ అలవాటు ఏ దిక్కు నుంచి వచ్చిందో.

మద్రాసు రాష్ట్రంలో కాఫీ జనంలోకి దిగినప్పుడు మళ్ళీ ఆరోగ్యం గొడవే లేచింది. చద్దన్నం, గంజి తాగే జనం కాఫీ మరిగి బలహీనపడుతున్నారని, ఆడవాళ్ళు చెడిపోతున్నారని పత్రికలు వాపోయాయి. తమిళ చరిత్రకారుడు ఎ.ఆర్. వెంకటాచలపతి ఈ సంగతుల్ని తవ్వి రాశాడు. గాంధీ కూడా టీ, కాఫీ ఒంటికి అక్కర్లేదన్నాడు. అయినా నలభై, యాభై ఏళ్ళలో కాఫీ అగ్రవర్ణ ఇంటి మర్యాదగా మారిపోయింది. ‘బ్రాహ్మణ హోటలు’ అనే బోర్డు కింద అమ్ముడుపోయింది. 1957లో పెరియార్ మద్రాసు ట్రిప్లికేన్‌లో ఒక హోటలు బోర్డు మీది ఆ మాట తీసెయ్యాలని ఉద్యమం నడపాల్సి వచ్చింది. అంతకు ముందు బ్రిటిషు పాలనలో రైల్వే స్టేషన్లలో హిందూ నీళ్ళు, ముస్లిం నీళ్ళు వేరుగా ఉండేవి. సూఫీల గిన్నెలో పుట్టిన పానీయం చివరికి మడి కట్టుకుంది! ముస్లిములకూ కూలివాళ్ళకూ టీ మిగిలింది.

ఈ పంపకం ఇవాళ్టికీ నడుస్తోంది. సినిమాలో ముస్లిం పాత్ర అంటే అత్తరు, బిర్యానీ, ఇరానీ చాయ్. హైదరాబాదుకు అది కొంత నిజం కావచ్చు. నెల్లూరు, తిరుపతి వైపు ముస్లిం ఇళ్ళల్లో ఇంట్లో తురకం మాట్లాడుతూ, వీధిలో తెలుగు మాట్లాడుతూ పొద్దున్నే కాఫీ తాగేవాళ్ళున్నారు. ఆ కాఫీ మా మతం సంగతి చెప్పదు, మా ఊరి సంగతి చెబుతుంది. నైజాం బొమ్మ ఒక్కటే పెట్టుకుని తెలుగు ముస్లింని వెతికేవాళ్ళకు మేం కనబడం. కనబడకపోతే లేమనుకుంటారు. ఈ పుస్తకం లాంటివి రావాల్సింది అందుకే.

సరే, ఇంతకీ ఆరోగ్యానికి మంచిదేనా? పాలకుడి వైద్యుణ్ణి అనుమానించాం కదా అని వైద్యాన్నే వదులుకోలేం. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధనా విభాగం 1991లో మూత్రాశయ క్యాన్సర్‌కు కాఫీ కారణం కావచ్చునంది. 2016లో సాక్ష్యాలన్నీ తిరగదోడి, అలా చెప్పడానికి ఆధారం చాలదని ఆ మాట వెనక్కి తీసుకుంది. 65 డిగ్రీలు దాటిన పొగలు కక్కే వేడితో ఏది తాగినా అన్నవాహికకు ముప్పు ఉండొచ్చని మాత్రం అంది. 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన సమీక్ష రోజుకు మూడు, నాలుగు కప్పులు తాగేవాళ్ళలో గుండె జబ్బు, కాలేయ జబ్బులు తక్కువగా కనిపించాయంది. గర్భిణుల విషయంలో హెచ్చరించింది. ఇవన్నీ ఎక్కువగా జనాన్ని గమనించి చెప్పిన లెక్కలు. కాఫీ మందు అనడానికి చాలవు, విషం అనడానికి అసలే చాలవు.

మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పిన మాట మనకు ఇంకా పనికొస్తుంది. రోజుకు కెఫీన్ 300 మిల్లీగ్రాములు దాటొద్దు. 150 మిల్లీలీటర్ల డికాషన్ కాఫీలో 80 నుంచి 120 ఉంటుంది, ఇన్‌స్టెంట్‌లో 50 నుంచి 65. భోజనానికి గంట ముందూ గంట తర్వాతా టీ, కాఫీ ముట్టొద్దు, తిండిలోని ఇనుము ఒంటికి పట్టనివ్వవు. ఈ చివరి మాట మన ఇళ్ళల్లో అమ్మలూ అక్కలూ వినాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అందరికీ పెట్టి, తాను గ్లాసు కాఫీతో ఆకలి చంపుకుని మిషను ముందు కూర్చునే మనిషికి కాఫీ మంచిదా అని ఏ పరిశోధన చెబుతుంది? ఆమెకు చేటు చేసేది కాఫీ కాదు, కాఫీ పక్కన లేని పళ్ళెం. ఇంక గ్లాసు గ్లాసుకూ రెండు చెంచాల చక్కెర వేసుకుని షుగరు జబ్బుకు కాఫీని తిట్టడం కూడా న్యాయం కాదు.

రమజాను మొదటి రోజుల్లో తల పగిలిపోతోందని చాలామంది అంటారు. అందులో సగం నేరం ఆగిన కాఫీది. కెఫీన్ మానేసిన పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటల్లో తలనొప్పి మొదలవుతుంది, కొన్ని రోజులుండి పోతుంది. షాబాన్ చివరి వారం నుంచి రోజుకు ఒక గ్లాసు తగ్గించుకుంటూ వస్తే ఆ బాధ తప్పుతుంది. రాత్రి ఇబాదత్‌కు మెలకువ కోసం సూఫీలు మొదలుపెట్టిన పానీయం, పగటి రోజాలో ఇలా తన బాకీ వసూలు చేసుకుంటుంది.

కాబట్టి మితంగా తాగితే చాలామందికి మంచిదే, కనీసం చెడ్డది కాదు. గర్భిణులు, నిద్ర పట్టనివాళ్ళు, గుండెదడ ఉన్నవాళ్ళు తగ్గించాలి, డాక్టరునడగాలి. ఈ మాట చెప్పడానికి ఐదు వందల ఏళ్ళు పట్టింది. మధ్యలో కాఫీ హరాం అయింది, రాజద్రోహం అయింది, అగ్రవర్ణ మర్యాద అయింది. ఒక్కో కాలంలో ఒక్కో వర్గం దాన్ని తమదనో పరాయిదనో అంది. గింజ మాత్రం అడవిలో పుట్టి, సూఫీ గిన్నెలో కాగి, కొండ మీది కూలి చేతుల్లో ఎండి, నాయుడుపేట బస్టాండులో అందరి గ్లాసుల్లోకీ వచ్చింది. తెచ్చినవాడి సమాధి మీద తగాదా పెట్టుకునేముందు, తాగిన గ్లాసు ఎవరి బాకీయో ఈ దేశం ఒకసారి లెక్క చూసుకుంటే చాలు.