స్వర్ణరేఖ ఒడ్డున పేరు తిరిగి దక్కిన మహావిహారం

జంషెడ్‌పూర్ తెలుగు ఉపాసకులం మేము. మా పెద్దలు శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి టాటా కంపెనీ పనికి వచ్చినవాళ్లు. బౌద్ధక్షేత్రం చూడాలంటే బుద్ధగయకో నాగపూర్‌కో పోవాలని, దానికి సెలవులూ డబ్బూ కూడబెట్టాలని అనుకునే కుటుంబాలు మాలో చాలా ఉన్నాయి. తెల్లవారుజామున బయలుదేరి, జనరల్ టికెట్‌తో వెళ్లి, రాత్రికి ఇంటికి చేరగల మహావిహారం ఒకటుంది. అది పశ్చిమ బెంగాల్‌లోని పశ్చిమ మేదినీపూర్ జిల్లాలో, దాంతన్ దగ్గర మొగల్‌మారి అనే ఊళ్లో ఉంది.

టాటానగర్ నుంచి ఘాట్‌శిలా, ఝాడ్‌గ్రామ్ మీదుగా ఖరగ్‌పూర్ 134 కిలోమీటర్లు. అక్కడ బాలాసోర్ వైపు వెళ్లే ప్యాసింజర్ ఎక్కి, బేల్దా దాటాక నెకుర్సేని అనే చిన్న స్టేషన్‌లో దిగాలి. అక్కడి నుంచి కొద్ది దూరమే. బండ్లు తక్కువ కాబట్టి తిరుగు బండి వేళ ముందే కనుక్కోవాలి. అన్నం, నీళ్లు ఇంటి నుంచే కట్టుకుపోతే ఖర్చు టికెట్లతోనే సరి.

రైలుదారి కంటే పాతదారి ఇంకొకటి ఉంది. అది నది. మన ఊళ్లో దోముహానీ దగ్గర ఖర్కాయిని కలుపుకునే స్వర్ణరేఖే దాంతన్ ప్రాంతం మీదుగా సముద్రానికి పోతుంది. ఒకప్పుడు ఈ విహారానికి దగ్గరగా పారిన ఆ నది తర్వాత పడమరకు జరిగింది. ఇదే జిల్లాల సముద్రతీరాన తామ్రలిప్తి రేవు ఉండేది. ఏడో శతాబ్దంలో హ్యూయెన్ త్సాంగ్ అక్కడ పది సంఘారామాలను, వెయ్యిమంది భిక్షువులను చూశానని రాశాడు.

మొగల్‌మారి దిబ్బను ఒక స్థానిక ఉపాధ్యాయుడు చూపించగా, కలకత్తా విశ్వవిద్యాలయ ఆచార్యుడు అశోక్ దత్తా 2003–04లో తవ్వకం మొదలుపెట్టారు. ఇటుక గోడలు, వాటి మీద సున్నపు గార బొమ్మలు, మొక్కుబడి మట్టి ఫలకాలు బయటపడ్డాయి. ఇది ఆరో శతాబ్దం నుంచి పన్నెండో శతాబ్దం దాకా నిలిచిన విహారమని తేలింది. 2012లో దత్తా మరణించారు. ఆ తర్వాత రాష్ట్ర పురావస్తు శాఖ పని కొనసాగించింది. 2016 జనవరిలో ఒకేచోట సుమారు 95 కంచు ప్రతిమలు దొరికాయి. అన్నిటికంటే విలువైనది మాత్రం ఒక చిన్న మట్టి ముద్రిక. ఈ చోటు శ్రీవందక మహావిహారం అని, ఇక్కడ భిక్షుసంఘం ఉండేదని అది చెప్పింది.

అంతవరకు ఆ పేరు ఎవరికీ తెలియదు. ఊరి పేరు మొగలాయిల యుద్ధాన్ని గుర్తుపెట్టుకుంది. 1575లో తుకరోయి యుద్ధం ఈ చుట్టుపక్కలే జరిగింది. దిబ్బను మాత్రం జనం 'సఖీసేన పాఠశాల' అన్నారు. రాకుమారి సఖీసేన అక్కడ చదువుకుందని బెంగాలీ జానపద కథ. బుద్ధుడినీ భిక్షువులనూ మరిచిపోయినా, అక్కడ చదువు చెప్పేవారన్న సంగతి జనం మరువలేదు.

మన నేలమీద ఆ మేలు కూడా జరగలేదు. భట్టిప్రోలు, ఘంటసాల స్తూపాలకు 'లంజదిబ్బ' అని పేరుపెట్టారు. అమరావతి 'దీపాలదిన్నె' అయింది. అనకాపల్లి దగ్గర బొజ్జన్నకొండ మీద, కనుమనాడు రాక్షసుడని చెప్పి రాళ్లు రువ్వే ఆచారం ఏళ్ల తరబడి సాగింది. నిందతో కూడిన పేరు ఒక్కటి చాలు, తరతరాలు ఆ చోటికి దూరంగా ఉండిపోతాయి. పేర్లు ఎంత త్వరగా మారతాయో మన ఊరే సాక్ష్యం. 1919లో సాక్చి జంషెడ్‌పూర్ అయింది, కాలీమాటి స్టేషన్ టాటానగర్ అయింది. నేటి పిల్లల్లో కాలీమాటి అంటే స్టేషన్ అని తెలిసినవారు ఎందరు?

అయితే పేరు తిరిగి పెట్టేటప్పుడు సాక్ష్యం ఉండాలి. పురూలియా జిల్లా పాక్‌బీర్రాలో పాత గుళ్లు, నిలువెత్తు రాతి విగ్రహం ఉన్నాయి. అది జైన తీర్థంకరుడిది, జనం భైరవుడని పూజిస్తారు. పాతరాయి కనబడ్డ చోటల్లా 'ఇది బౌద్ధమే' అంటే, మనకు జరిగిన అన్యాయమే మనం జైనులకు చేసినట్టు.

వెళ్లేవారికి మరొక్క మాట. ఇటుక ముక్క కూడా జేబులో వేసుకోవద్దు. శ్రీవందక పేరు మోసిన ముద్రిక చిన్న మట్టిబిళ్ల. ఎవరైనా గుర్తుగా ఇంటికి తీసుకెళ్లి ఉంటే ఆ మహావిహారానికి ఈనాటికీ పేరుండేది కాదు. భూమిలో పది రూపాయలకు మించిన విలువైన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి నిధుల చట్టం చెబుతోంది. మన వారసత్వాన్ని కాపాడటం పౌరుడి ప్రాథమిక కర్తవ్యమని రాజ్యాంగం 51ఏ(ఎఫ్) అధికరణంలో ఉంది. మొగల్‌మారి యువకులు ఆ పని ముందే చేశారు. వాళ్ల సంఘం, గ్రంథాలయం ఆ దిబ్బమీదే ఉన్నాయి.

పిల్లల్ని వెంట తీసుకెళ్లండి. గోడలు చూపించి, విహారం పేరు వాళ్లచేత పలికించండి. తర్వాత సెలవులకు సొంతూరు వెళ్లినప్పుడు, వంశధార ఒడ్డున శాలిహుండానికి కూడా తీసుకెళ్లండి. అక్కడి స్తూపాల ఉనికిని 1919లో లోకానికి తెలిపింది మన గిడుగు రామమూర్తి గారేనని చెప్పండి.