ఆళ్లగడ్డ శిల్పశాలల్లో రాతిదుమ్ము, ఊపిరితిత్తుల రక్షణ

నంద్యాల జిల్లాలో అహోబిలం దారిలో ఉన్న ఆళ్లగడ్డ దేవతా విగ్రహాలకు పేరుపొందిన పట్టణం. ఇక్కడి రాతి చెక్కడానికి భౌగోళిక గుర్తింపు ఉంది. ఉలీ సుత్తితో సాగిన ఈ పనిలోకి గ్రైండర్, కటింగ్ మిషన్ వచ్చాక వేగం పెరిగింది, దుమ్ము తీరూ మారింది. ఉలి దెబ్బకు ఎక్కువగా పెచ్చులు రాలతాయి. నిమిషానికి 11 వేల చుట్ల దాకా తిరిగే నాలుగంగుళాల బ్లేడు అదే రాయిని పొడిలా ఎగజిమ్ముతుంది.

ప్రమాదమంతా ఆ పొడిలోని స్ఫటిక సిలికాది. గ్రానైట్‌లో ఇది 20 నుంచి 40 శాతం దాకా ఉండవచ్చు, ఇసుకరాయిలో ఇంకా ఎక్కువ. పాలరాయి, సున్నపురాయి జాతుల్లో తక్కువ. అందుకే ఒకే షెడ్డులో పనిచేసినా, ఎవరు ఏ రాయి కోస్తున్నారన్నదాన్ని బట్టి ముప్పు మారుతుంది. మీసాల మీద తెల్లగా పేరుకునే దుమ్మును చూసి జనం భయపడతారు గానీ, అది చాలామటుకు ముక్కులోనే ఆగిపోతుంది. ఊపిరితిత్తుల లోతుకు దిగేది కంటికి ఆనని రేణువే. గాలి కదలనిచోట ఒక మైక్రాన్ క్వార్ట్జ్ రేణువు మనిషి ముఖం ఎత్తు నుంచి నేలకు దిగడానికి దాదాపు అయిదు గంటలు పడుతుంది. మిషన్ ఆపి అన్నానికి కూర్చున్నప్పుడూ అది గాలిలోనే ఉంటుందన్నమాట.

దాన్ని పుట్టినచోటే అణచడం మేలు. బ్లేడు రాయిని తాకేచోట సన్నటి నీటి ధార పడితే దుమ్ము చాలావరకు బురదగా మారుతుంది. అయితే నీళ్లూ కరెంటూ ఒకచోట చేరతాయి కాబట్టి తడిపనికి తగిన మిషన్, ఎర్తింగ్, లీకైతే కరెంటు ఆపే బ్రేకర్ తప్పనిసరి. ముఖం, వేళ్లు చెక్కేటప్పుడు బురద గీతను కప్పేస్తుంది. ఆ పనికి బ్లేడు చుట్టూ తొడుగు, దానికి దుమ్ము లాగే గొట్టం అమర్చాలి. గొట్టం మూతి వెడల్పు ఎంతో అంత దూరం జరిగితే చాలు, లాగే వేగం పదో వంతుకు పడిపోతుంది. మూల గోడకు ఎంత పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టినా శిల్పి ముక్కుకు ఒరిగేది తక్కువ. ఇక ఉక్కకు తాళలేక ఎదురుగా పెట్టుకునే టేబుల్ ఫ్యాన్ దుమ్మును తిరిగి ముఖం మీదికే కొడుతుంది. ఫ్యాన్ పక్కన ఉండాలి, గాలి బయటికి పోవాలి. పని ముగిశాక కంప్రెసర్ గాలితో బట్టలు దులుపుకోవడం రోజంతా తప్పించుకున్న దుమ్మును ఒక్క నిమిషంలో పీల్చుకోవడమే.

ముఖానికి చుట్టుకునే తువ్వాలు ఈ రేణువును ఆపదు, సర్జికల్ మాస్కూ అంతే. భారతీయ ప్రమాణం ఐఎస్ 9473 ప్రకారం ఎఫ్‌ఎఫ్‌పీ2 మాస్కు కనీసం 94 శాతం, ఎఫ్‌ఎఫ్‌పీ3 మాస్కు అంతకంటే ఎక్కువ వడగట్టాలి. అంచు చర్మానికి అతుక్కుంటేనే ఆ లెక్క. అయ్యప్ప మాల, శివమాల వేసుకున్నవాళ్లు దీక్ష ముగిసేదాకా గడ్డం తీయరు. ఆ నాళ్లలో మాస్కు అంచున గాలి దూరుతుంది. వాళ్లకు తడికోత పని అప్పగించాలి, లేదా మోటారుతో శుభ్రమైన గాలి పంపే వదులు హుడ్ ఇవ్వాలి. పైగా ఎండ 45 డిగ్రీలు దాటే నంద్యాల వేసవిలో ఎనిమిది గంటలు బిగుతు మాస్కుతో ఉండమనడం కాగితం మీద రాసినంత సులువు కాదు.

ఈ మాస్కులు రాతిదుమ్ము లాంటి రేణువులకే; వీటినే పెట్టుకుని లారీలకు, బీరువాలకు రంగు స్ప్రే చేస్తే చాలదు. థిన్నర్ ఆవిరి దుమ్ము ఫిల్టర్ గుండా నేరుగా వచ్చేస్తుంది. దానికి ఉత్తేజిత బొగ్గు కార్ట్రిజ్ కావాలి, అదీ నిండిపోయేలోపు మార్చాలి. పీయూ (పాలీయురేథేన్) రంగుల్లో కలిపే హార్డెనర్‌లోని ఐసోసయనేట్లు మరీ మోసకారివి. హానికి చాలినంత ఉన్నా వాసన తెలియకపోవచ్చు. ఒకసారి ఒంటికి పడకపోతే ఆ తర్వాత కొంచెం తగిలినా ఉబ్బసం వస్తుంది. ఆ పనికి బయటి నుంచి గొట్టం ద్వారా శుభ్రమైన గాలి అందించే మాస్కు, గాలి బయటికి లాగే ప్రత్యేక బూత్ ఉండాలి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ పెయింటర్ వృత్తిని 1989లో, పీల్చే స్ఫటిక సిలికాను 1997లో మానవ క్యాన్సర్ కారకాల్లో చేర్చింది.

సిలికాతో వచ్చే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు సాధారణంగా పదేళ్లకు పైబడి ముదురుతుంది. దుమ్ము మరీ ఎక్కువైతే చాలా ముందే రావచ్చు. నయంచేసే మందు లేదు, క్షయ సోకే ముప్పూ పెరుగుతుంది. ఎక్స్‌రేలో రెండూ ఒకేలా కనిపించవచ్చు కనుక, తాను ఏ రాయి కోస్తాడో, ఎన్నేళ్లుగా కోస్తున్నాడో శిల్పి డాక్టరుకు చెప్పాలి. 1948 ఫ్యాక్టరీల చట్టం ఈ జబ్బును ప్రభుత్వానికి తెలపాల్సిన వృత్తి వ్యాధిగా పేర్కొంది. కానీ కరెంటుతో నడిచే పనిచోట ఆ చట్టం మామూలుగా వర్తించింది పదిమంది ఉంటేనే. 2020 నాటి కార్మిక భద్రతా కోడ్ ఆ హద్దును 20కి పెంచింది. నలుగురైదుగురితో నడిచే శిల్పశాల రెండు లెక్కల్లోనూ బయటే ఉంటుంది.