బ్లేడు నుంచి మౌస్ దాకా... పాటను కోసి అతికించిన కథ

అమెరికా రేడియోలో గాయకుడు బింగ్ క్రాస్బీ కార్యక్రమం రికార్డవుతోంది. అతిథిగా వచ్చిన హాస్యనటుడు బాబ్ బర్న్స్ స్క్రిప్టులో లేని పల్లెటూరి జోకులు రెండు మూడు విసిరాడు. జనం పడీ పడీ నవ్వారు. ఆ రోజుల్లో అవి రేడియోలో వినిపించదగ్గ జోకులు కావు. అందుకే వాటిని కత్తిరించేశారు. నవ్వుల్ని మాత్రం దాచిపెట్టారు. కొన్ని వారాల తర్వాత ఓ కార్యక్రమం చప్పగా వస్తే, ఆ టేపు ముక్కల్ని తీసి అందులో అతికించారు. టీవీ హాస్య ధారావాహికల్లో వినిపించే అరువు నవ్వులకు ఇదే మొదలని ఆ పని చేసిన ఇంజినీరు జాక్ మల్లిన్ తర్వాత చెప్పుకున్నాడు.

మల్లిన్ అమెరికా సైన్యం సిగ్నల్ విభాగంలో పనిచేసినవాడు. జర్మనీ సంస్థ ఏఈజీ 1935లో బెర్లిన్ రేడియో ప్రదర్శనలో మాగ్నెటోఫోన్ అనే టేపు యంత్రాన్ని చూపించింది. యుద్ధం ముగిశాక మల్లిన్ అలాంటివి రెండు విడిభాగాలుగా ఊడదీసి, 50 టేపు చుట్టలతో సహా ఇంటికి పంపుకున్నాడు.

అప్పటికి క్రాస్బీకి వారం వారం లైవ్‌లో పాడటం మీద మొహం మొత్తింది. ముందే రికార్డు చేద్దామంటే ఉన్నవి డిస్కులే. డిస్కును కోసి అతికించడం కుదరదు. కావలసిన ముక్కల్ని ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి ఎక్కించాలి. ఎక్కించిన ప్రతిసారీ శబ్దం పాడయ్యేది. 1947లో టేపు విన్న క్రాస్బీ బృందం మల్లిన్‌ను పనిలో పెట్టుకుంది. మరుసటి ఏడాదే ఆంపెక్స్ సంస్థ అమెరికాలో తయారైన టేపు యంత్రాన్ని తెచ్చింది.

వాలుగా కోస్తేనే

కోత ఎలా ఉండేదంటే: టేపు చుట్టల్ని రెండు చేతులతో ముందుకూ వెనక్కూ మెల్లగా తిప్పుతూ, మాట ఎక్కడ మొదలవుతోందో వింటారు. ఆ చోట మైనపు పెన్సిల్‌తో గుర్తు పెడతారు. గాడి ఉన్న చిన్న లోహపు దిమ్మలో టేపును పరిచి, రేజర్ బ్లేడుతో 45 డిగ్రీల వాలులో కోస్తారు. రెండు కొసల్నీ ఆనించి, వెనకవైపు సన్నని అతుకు టేపు అంటిస్తారు. బ్లేడుకు అయస్కాంత గుణం పట్టిందంటే అతుకు దగ్గర 'టక్' మంటుంది. కాబట్టి ముందే దాన్ని వదిలించాలి.

వాలు కోత ఎందుకు? స్టూడియో టేపు సెకనుకు 38 సెంటీమీటర్లు కదులుతుంది. పావు అంగుళం వెడల్పు టేపును వాలుగా కోస్తే, పాత శబ్దం తగ్గుతూ కొత్తది పెరగడానికి సుమారు సెకనులో 60వ వంతు పడుతుంది. చెవి ఆ మార్పును పట్టుకోలేదు. నిలువుగా కోస్తే పట్టేస్తుంది.

ఈ విద్యలో పేరుమోసిన అతుకు లండన్‌లో పడింది. 1966 చివర్లో బీటిల్స్ 'స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్'ను రెండు రకాలుగా రికార్డు చేశారు. ఒకదాని మొదలు, ఇంకోదాని చివర కావాలన్నాడు బృందంలోని జాన్ లెనన్. రెండింటికీ శ్రుతి వేరు, నడక వేరు. అయితే వేగంగా నడిచే టేకే శ్రుతిలోనూ పైన ఉంది. టేపు వేగం తగ్గిస్తే శ్రుతీ నడకా కలిసే దిగుతాయి. నిర్మాత జార్జ్ మార్టిన్, ఇంజినీరు జెఫ్ ఎమెరిక్ ఆ దారిలోనే రెంటినీ కలిపారు. పాట మొదలైన నిమిషం దగ్గర చెవి పెట్టి వింటే అతుకు దొరుకుతుంది.

అంకెల్లోకి వచ్చిన శబ్దం

అమెరికాలో యూటా విశ్వవిద్యాలయం ఆచార్యుడు థామస్ స్టాక్‌హామ్ వాటర్‌గేట్ కేసులో అప్పటి అధ్యక్షుడు నిక్సన్ టేపును పరిశీలించిన నిపుణుల్లో ఒకరు. అందులో పద్దెనిమిదిన్నర నిమిషాల ఖాళీ పొరపాటున ఒక్కసారిగా పడింది కాదనీ, కనీసం ఐదుసార్లు విడివిడిగా చెరిపారనీ 1974లో వాళ్లు తేల్చారు. ఆ మరుసటి ఏడాది స్టాక్‌హామ్ సౌండ్‌స్ట్రీమ్ సంస్థను స్థాపించాడు. శబ్దాన్ని అంకెలుగా మార్చి, కంప్యూటర్ డిస్కులో పెట్టి, అక్కడే కోసి కలిపే పద్ధతిని అది ముందుకు తెచ్చింది.

అది సామాన్యులకు అందే సరుకు కాదు. సీడీ నాణ్యతలో ఒక సెకను శబ్దమంటే ఒక్కో చానల్‌కు 44,100 కొలతలు. నిమిషం స్టీరియో పాటకు పది మెగాబైట్ల పైమాటే. 1980ల హార్డ్ డిస్కులకు అది మోయలేని బరువు. 1989లో డిజిడిజైన్ సంస్థ మెకింతాష్ కంప్యూటర్ మీద రెండు ట్రాకుల సౌండ్ టూల్స్‌ను తెచ్చింది. 1991లో దాని వారసుడు ప్రో టూల్స్ వచ్చింది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మొదలైన ఆడాసిటీ 2000లో ఉచితంగా విడుదలై, ఈ పనిని ఇంటి కంప్యూటర్‌కు చేర్చింది.

అసలు మార్పు వేగంలో కాదు. ప్రో టూల్స్ లాంటి వాటిలో మనం కోసినా అసలు రికార్డింగు తెగదు. 'ఫలానా అంకె నుంచి ఫలానా అంకె దాకా వినిపించు' అన్న సూచన మాత్రమే మారుతుంది. బ్లేడు పట్టినవాడికి చెయ్యి వణికే పని, మౌస్ పట్టినవాడికి వెనక్కి తీసుకోగల పని అయింది.

వాలు పోలేదు

బ్లేడు పోయినా వాలు పోలేదు. ఒక శబ్దం తగ్గుతుంటే ఇంకోటి పెరిగే క్రాస్‌ఫేడ్‌గా మిగిలింది. స్క్రీను మీద గీతలా కనిపించే శబ్దపు అల ఎత్తులో ఉన్నచోట తెగ్గోస్తే స్పీకరు ఒక్కసారిగా ఉలిక్కిపడి 'టప్' మంటుంది. అందుకే అల మధ్యలోని సున్నా గీతను దాటే చోట కోస్తారు. ఆడాసిటీలో జెడ్ మీట నొక్కితే ఎంపిక దానంతటదే ఆ చోటికి జరుగుతుంది. రెండు వేర్వేరు పాటల్ని కలిపేటప్పుడు వాలును తిన్నగా గీస్తే మధ్యలో శబ్దం కుంగినట్టు వినిపిస్తుంది. వాలును కాస్త పైకి ఉబ్బిస్తే ఆ గుంట పూడుతుంది.

మన స్కూలు వార్షికోత్సవాలకు నాలుగు పాటల డాన్సు ట్రాక్ చేసేవాళ్లకు ఎక్కువగా ఎదురయ్యే చిక్కు 'టప్' కాదు, తాళం. నిమిషానికి 120 దెబ్బల పాటలో నాలుగు దెబ్బలకు రెండు సెకన్లు. కోత సమం మీద, అంటే తాళం మొదటి దెబ్బ మీద పడాలి. దెబ్బకూ దెబ్బకూ మధ్య పడితే ఎంత నున్నని క్రాస్‌ఫేడ్ వేసినా స్టేజీ మీద పిల్లల అడుగు తప్పుతుంది. సున్నా గీతను సాఫ్ట్‌వేర్ వెతికిపెడుతుంది. ఏ చరణం ఉంచాలో, ఏ దరువు మీద మలుపు తిప్పాలో మనమే తేల్చుకోవాలి. అతికించాక పది సెకన్లు వెనక్కి జరిపి, స్క్రీను చూడకుండా చేత్తో తాళం వేస్తూ వినండి. చెయ్యి ఆగకుండా సాగితే అతుకు కుదిరినట్టే.