బత్తెం లేని బస

“జీతం బత్తెం లేకుండా తోడేలు మేకల్ని కాస్తానందిట” అని మనకో సామెత ఉంది. ఊరికే పనిచేస్తానని వచ్చినవాణ్ణి నమ్మద్దని దాని భావం. అందులో జీతం సంగతి మనందరికీ తెలుసు. ఒకటో తారీకు నుంచే ఎదురుచూస్తాం కదా! దాని పక్కన ఒద్దికగా నిలబడ్డ బత్తెం సంగతే ఎవరూ పట్టించుకోరు. దానికీ చాలా పెద్ద చరిత్రే ఉందండీ.

బత్తెం అంటే రోజువారీ తిండికిచ్చేది. పనిమీద ఊరు దాటిన మనిషికి తిండీ బసా చూడవలసింది పంపినవాడేనని పాత న్యాయం. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో దూతలకి దూరాన్ని బట్టి లెక్క ఉంది. మధ్యరకం దూతకి యోజనానికి 10 పణాలు. 10 యోజనాలు దాటి 100 యోజనాల దాకా వెడితే అంతకి రెట్టింపు. నడిచినవాడి కాళ్ళనొప్పి చూసి కట్టిన లెక్క అది!

తరవాత కంపెనీవారొచ్చారు. మన దేశపు మాటే వాళ్ళ నోట ‘బత్తా’ అయి కాగితాల కెక్కింది. దండు కదిలినప్పుడు జీతం పైన ఇచ్చే సొమ్మన్నమాట. 1757లో ప్లాసీ యుద్ధం అయ్యాక బెంగాల్లో తెల్ల దొరలకి అది రెట్టింపయింది. 1766లో క్లైవు ఆ రెట్టింపు కాస్తా తీసేసేసరికి దొరలంతా మూకుమ్మడిగా రాజీనామాలకి సిద్ధపడ్డారు. ఆ గొడవలో సర్ రాబర్ట్ ఫ్లెచర్ అనే ఆయనకి కొలువు పోయింది. పోతేనేం, కొన్నేళ్ళకే ఆయన మద్రాసు సైన్యానికి అధిపతిగా వచ్చి కూర్చున్నాడు! 1844లో మన సిపాయిలు, 34వ బెంగాల్ పదాతి దళం వాళ్ళు, అదనపు బత్తా ఇవ్వందే సింధుకి కదిలేది లేదన్నారు. ఏకంగా ఆ దళాన్నే రద్దు చేసేశారు. అడిగిన వస్తువు ఒకటే. అడిగిన మనిషే వేరు.

1922 జనవరి 1న ఫండమెంటల్ రూల్సు అమల్లోకి వచ్చాయి. వాటిలో 44వ రూలు ప్రకారం భత్యమనేది పుచ్చుకున్నవాడికి మొత్తంమీద లాభసాటి కాకూడదు. సబబే, కాదనం. లాభం రాకుండా కాసినంత శ్రద్ధగా నష్టం రాకుండా కూడా కాశారా? అంకెలు మీరే చూడండి. ఆరో వేతన సంఘం తరవాత 2008లో కేంద్ర ఉద్యోగులకి బస పరిమితులు కట్టారు. పైమెట్టు వారికి రోజుకి 5,000 రూపాయలు, అడుగుమెట్టు వారికి 300. ఏడో సంఘం తరవాత 2017లో పైన 7,500, అడుగున 450. కరువు భత్యం 50 శాతం పెరిగినప్పుడల్లా ఇవి 25 శాతం పెరగాలన్నారు. 2024 జనవరిలో కరువు భత్యం ఆ 50కి చేరింది కూడా. కిందిమెట్ల వాళ్ళు బిల్లులు జతచెయ్యక్కర్లేదు, ఎక్కడ ఎన్నాళ్ళున్నదీ రాసి సంతకం పెడితే చాలన్నది ఒక్కటే ఇందులో దయగల మాట. కౌటిల్యుడు దూరం చూశాడు, మనవాళ్ళు హోదా చూశారు. లాడ్జిలో నల్లి మాత్రం హోదా అడిగి కుడుతుందా?

మరి ఇన్నేళ్ళూ ‘క్యాంపు’ కెళ్ళిన చిన్న ఉద్యోగులు ఎక్కడ పడుకున్నారు? ట్రావెలర్స్ బంగళా తలుపు పెద్దవాళ్ళకి తెరుచుకునేది. చిన్నవాళ్ళకి తెరుచుకున్నవి చుట్టాల ఇళ్ళే.

నా చిన్నప్పుడు మేం జిల్లా కేంద్రంలో ఉండేవాళ్ళం. నెలకొకరైనా చేతిసంచీతో దిగేవారు. బాబాయి వరస ఒకాయన ఆడిట్ పని మీద వచ్చి పదకొండు రోజులున్నాడు. “లాడ్జిలో దిగితే టి.ఏ. బిల్లు చేతికొచ్చేసరికి ఆర్నెల్లు వదినా! అది వచ్చినా గదికే చాలదు” అనేవాడు. అమ్మ నవ్వి ఇంకో సోలెడు బియ్యం కడిగేది. మేం పిల్లలం మంచాలు ఖాళీచేసి చాపలమీద పడుకునేవాళ్ళం.

ఒక వేసవిలో పరీక్ష పేపర్లు దిద్దడానికి ఒక టీచరమ్మ వచ్చింది. దూరపు చుట్టమే. ఒంటరి ఆడమనిషికి గది ఇవ్వమన్నారుట లాడ్జివాళ్ళు. ఆవిడ భత్యం కాగితంలో గడియ పడే తలుపుకి రేటు లేదు మరి! వారం రోజులుండి వెళ్ళేటప్పుడు అమ్మ చేతిలో ఇరవై రూపాయలు పెట్టబోయింది.

“ఛ, ఇదేమిటమ్మాయ్!” అంది అమ్మ.

“పుచ్చుకోండక్కయ్యా. మగవాళ్ళకి తెలీకపోవచ్చుగానీ, పొయ్యి దగ్గర నించునే దాన్ని, నాకు తెలీదూ?”

అమ్మ డబ్బు పుచ్చుకోలేదు. బొట్టుపెట్టి జాకెట్టు గుడ్డ ఇచ్చి పంపింది. ఆ రాత్రి మాత్రం నాన్నగారికి అన్నం వడ్డిస్తూ, “ఇన్నాళ్ళకి ఒక్కరడిగారండీ” అంది.

బస రేటుకీ బస ఖర్చుకీ మధ్య ఉన్న తేడాని ఏళ్ళ తరబడి పూడ్చింది ఇలాంటి వంటిళ్ళే. ఏ వేతన సంఘం నివేదికలోనూ ఆ పద్దు నాకు కనబడలేదు.

జీతమూ బత్తెమూ లేకుండా పనిచేసేది తోడేలేనని సామెత కట్టినాయన మా అమ్మని చూసి ఉండడు.